తొమ్మిదో టేకు

అయినా ఐదో వంతు అన్నది పచ్చి అబద్ధమేమీ కాదు, గాలిలో ఆక్సిజన్ ఉండేది సుమారుగా అంతే, కాబట్టి గ్లాసులో నీళ్లు ఐదో వంతు దాకా ఎక్కాయని చూపిస్తే పిల్లలకి చివరికి చేరేది నిజమే కదా, దారిలో కాస్త తేడా ఉంటే ఉండొచ్చు గాక, అని సైన్సు టీచరు తనకు తాను నచ్చజెప్పుకుంటూ, పొద్దున లేచిన దగ్గర్నుంచి మూడోసారి చల్లారిపోయిన వేడినీళ్ల గ్లాసును పెదాలకు ఆనించుకుంది. ఈ నచ్చజెప్పుకోవడం కొత్తది కాదు. ఆరేళ్లుగా ఇవే మాటలు, ఇదే వరసలో. వాదించేదీ తనే, ఒప్పుకునేదీ తనే అయ్యేసరికి గెలిచిన ప్రతిసారీ ఒళ్లు పులిసిపోయినట్టుండేది.

"మళ్లీ చల్లారబెట్టావా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న భర్త. ఆమె తల ఊపింది. ఆయన గొంతు సన్నగా మార్చి, "ఆఁ, చల్లారింది, అయితే ఏంటట?" అని తనే జవాబిచ్చి, మళ్లీ మామూలు గొంతులోకి దిగి, "ఏం లేదు తల్లీ, ఇంకోసారి కాచి పట్టుకొస్తా" అన్నాడు.

ఇంట్లో ఆమె మాట్లాడటం మానేసి రెండు నెలలైంది. గొంతులో రెండు వైపులా చిన్న చిన్న గడ్డలు లేచాయనీ, ఇరవై ఎనిమిదేళ్లు యాభైమంది పిల్లల మీద గొంతు చించుకున్నందుకు అవి బహుమతులనీ, ఇంకో రెండేళ్లు ఇలాగే సాగితే మాటే పోతుందనీ డాక్టరు చెప్పాడు. ఉన్న కాస్త గొంతూ బడికి దాచుకుని, ఇంట్లో పాత ప్రశ్నపత్రాల వెనక రాసి చూపిస్తోంది. ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి మానుకున్న మనిషి, నిశ్శబ్దం ఆయన ఒంటికి పడదు. అందుకని ఆమె వాటా మాటలు కూడా తనే మాట్లాడేస్తున్నాడు. పోట్లాటల్లో ఆమె వైపు నిలబడి తనను తానే తిట్టుకుంటాడు కూడా. తను నిజంగా మాట్లాడిన రోజుల్లో ఇంత బాగా తిట్టలేదని ఆమెకు అనిపిస్తుంది.

"నేను అలా అనను" అని రాసి చూపించింది.

"అంటావు. రాస్తే ఇంకాస్త గట్టిగా అంటావు." ఆయన గ్లాసు అందుకుని లేచాడు. "ఇంకెంతసేపులే. ఇవాళ్టితో నీ అరుపులకి సెలవు. ఆ మేడం వచ్చి సంతకం పడేస్తే హాయిగా కుర్చీలో కూచుని కంప్యూటరుతో కాపురం చేసుకోవచ్చు."

"సంతకం పడితే" అని రాసింది.

"పడకేం? లక్షా నలభై వేలమంది చూశారు నీ కొవ్వొత్తిని! ముప్ఫై ఏళ్లు టికెట్లు కొట్టాను, నా మొహం అంతమంది చూసుండరు. చూసినవాళ్లు కూడా చిల్లర కోసం చూశారు."

ఆమె నవ్వింది. నవ్వితే కూడా గొంతు గీసుకుంటుంది.

బడికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ లక్షా నలభై వేలు ఆమె కాళ్లకి అడ్డం పడుతూనే ఉన్నాయి. సైన్సు పాఠాల వీడియోలు, వర్కుషీట్లు, బొమ్మలు అన్నీ ఒకచోట పెట్టిన వెబ్‌సైట్ అది. ఏ ఊరి టీచరైనా అందులోంచి తీసుకుని తరగతిలో వాడుకోవచ్చు. ఆరేళ్ల కిందట టీచర్లనే వీడియోలు చేసి పంపమంటే ఆమె ఒక్కటంటే ఒక్కటి పంపింది. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు. గ్లాసు మీద ఐదు సమభాగాలుగా నల్లరంగు గీతలు. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు మెల్లగా పైకి ఎక్కి సరిగ్గా మొదటి గీత దగ్గర ఆగుతాయి. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. "మండటానికి ఆక్సిజన్ ఖర్చయిపోయింది, ఖాళీ అయిన ఆ ఐదో వంతులోకి నీళ్లు వచ్చాయి" అని అప్పట్లో ఇంకా బాగానే ఉన్న ఆమె గొంతు. మిగతా టీచర్లు పంపినవి నూర్లలో ఆగిపోతే ఇది వేలల్లోకి, లక్షలోకి పోయింది. వెబ్‌సైట్ నడిపే కేంద్రంలో పాఠాలు తయారుచేసే ఉద్యోగం ఒకటి ఖాళీ అయినప్పుడు, ఆ వీడియో వల్లే ఆమె పేరు పైకి వచ్చింది. కూర్చుని చేసే పని. రాసిస్తే చాలు, చదవడానికి వేరే గొంతులుంటాయి. ఇవాళ మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో ఆ కేంద్రం మేడం వచ్చి, ఆ వీడియోతో పాఠం ఎలా చెబుతుందో చూసి వెళ్తుంది. అంతే.

అంతే అనుకున్నప్పుడల్లా లోపల ఎక్కడో ఒక బుడగ పైకి వచ్చి పగిలేది.

ఆ రోజు ఒక టేకులో అయిన పని కాదది. తొమ్మిది టేకులు పట్టింది. సెలవు రోజు, ల్యాబులో తనూ, పిల్లలంతా టెస్ట్‌ట్యూబ్ తాత అని పిలిచే ల్యాబు అటెండరూ, ఇద్దరే. మొదటిసారి నీళ్లు వేలి మందం కూడా ఎక్కలేదు. వెలుతురు చాలదని మూడు కొవ్వొత్తులు పెడితే రెండో గీత దాటేశాయి. గ్లాసు గబుక్కున బోర్లిస్తే ఒకలా, మంట మీద కాసేపు పట్టి నెమ్మదిగా దించితే ఇంకోలా. "ఇది మన మాట వినే రకం కాదు టీచరమ్మా" అన్నాడు తాత. తొమ్మిదోసారి వింది. గీత దగ్గర సరిగ్గా, చెప్పినట్టు ఆగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. మిగతా ఎనిమిదీ ఫోనులో చోటు చాలడం లేదని ఆమె అప్పుడే తుడిచేసింది. నిజంగానే చోటు చాలలేదు. అలా చాలకపోవడం ఎంత హాయిగా అనిపించిందో కూడా ఆమెకి గుర్తుంది.

ఇంకొకటి కూడా గుర్తుంది, కానీ దాన్ని చాలాకాలం గుర్తున్నవాటిలో లెక్కవేయలేదు. గ్లాసు బోర్లించగానే అంచు కిందినుంచి బుడగలు వస్తున్నాయి, ప్రతి టేకులోనూ. "కెమెరా కొంచెం పైకెత్తు అన్నయ్యా, పళ్లెం అంచు మసిగా ఉంది, బాగుండదు" అంది ఫోను పట్టుకున్న తాతతో. మసి ఉన్నమాట నిజమే. తడిగుడ్డతో తుడిస్తే పోయే మసి.

ఏడాది తర్వాత ఎక్కడో చదివింది. నీళ్లు ఎక్కేది ప్రధానంగా ఆక్సిజన్ ఖర్చయినందుకు కాదు. మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ జాగాలోకి నీళ్లు వస్తాయి. అందుకే కొవ్వొత్తులు పెరిగితే నీళ్లు ఇంకా పైకి పోతాయి. చదివి ఆశ్చర్యపోలేదు. సొంత ఇంటి చిరునామా వేరే వాళ్ల చేతిరాతలో చూసినట్టుంది. అప్పటికి ఆ వీడియో చూసినవాళ్లు పదివేలు. దిద్దుకుందామనుకుంది. వేసవి సెలవుల్లో చూద్దాం అనుకుంది. సెలవుల్లో అది ముప్ఫై వేలయింది. అంకె పెరిగినకొద్దీ తప్పు తనది కాకుండా పోతున్నట్టూ, అదే సమయంలో తనకి మరీ అంటుకుపోతున్నట్టూ ఉండేది. కింద టీచర్లు రాసేవాళ్లు: "మాకు ఇంత కచ్చితంగా రాలేదు మేడం, ఎక్కడ పొరపాటు చేస్తున్నామో చెప్పండి." ఆమె జవాబిచ్చేది: "జాగ్రత్తగా, ఓపికగా చేయండి. వస్తుంది." ఎన్ని ఊళ్లలో ఎందరు టీచర్లు తమ చేతులనే అనుమానించుకుంటూ, ఎన్నిసార్లు కొవ్వొత్తులు ఆర్పి ఉంటారో.

రెండో పీరియడ్ ఖాళీ. ల్యాబు మూలన ఉన్న బల్ల దగ్గర కూర్చుని ఎనిమిదో తరగతి రికార్డులు ముందేసుకుంది. దిద్దినవాటిని పిల్లలు సరిచేసి తిరిగిచ్చారు. పైన ఉన్నది మూడో బెంచీ పిల్లది. ఆ పిల్లకి గొంతు గంటలా ఉంటుంది, వెనక గోడ దాకా వినిపిస్తుంది. అందుకే మధ్యాహ్నం వీడియోకి మాట తీసేసి, పక్కన నిలబడి వివరించే పని ఆ పిల్లకి అప్పగించింది. అరువు గొంతు. అసలు ఇంట్లో భర్త, బళ్లో ఈ పిల్ల, తన మాటలన్నీ ఇప్పుడు వేరేవాళ్ల నోట్లోనే ఉన్నాయి.

రికార్డు తెరిచింది. పోయిన వారం ఆ పేజీలో ఏముందో బాగా గుర్తుంది. "నాలుగు కొవ్వొత్తులు పెట్టి చేశాను. నీళ్లు సగం దాకా వచ్చాయి. అయితే గాలిలో సగం ఆక్సిజనా? లేకపోతే మా ఇంట్లో గాలి వేరా?" అప్పటికి ముప్ఫై రెండు రికార్డులు దిద్ది చెయ్యి లాగేస్తోంది. ఎర్రపెన్నుతో "తప్పు. వీడియో మళ్లీ చూడు" అని రాసి పేజీ తిప్పేసింది. తిప్పిన చెయ్యి ఒక్క క్షణం ఆగిందా? ఆగిందనే అనుకోవాలని ఉంది.

ఇప్పుడు పేజీలో "ఒక కొవ్వొత్తి. నీళ్లు సరిగ్గా ఐదో వంతు దాకా వచ్చాయి" అని ఉంది. కొలతలు పెన్సిల్‌తో రాయాలన్న నియమం ఆమె పెట్టిందే, పొరపాటైతే దిద్దుకోవచ్చని. కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి చూసింది. రబ్బరుతో గట్టిగా రుద్దినచోట కాగితం పలచబడి, 'సగం' అన్న మాట గాడి ఇంకా కనిపిస్తోంది. ఇంటి గాలి గురించిన ప్రశ్న జాడే లేదు. ఎర్ర అక్షరాల కింద చిన్నగా రాసి ఉంది: "పదకొండు సార్లు చూశాను టీచర్."

"ఏంటి టీచరమ్మా, కాగితంలోంచి కిటికీ చూస్తున్నారు?" తాత బీకర్లు కడిగి బోర్లిస్తున్నాడు.

ఆమె రికార్డు మూసేసింది. "ఏం లేదు అన్నయ్యా."

"ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. వచ్చే నెల నేను రిటైరైపోతున్నా, మీరేమో ఇవాళో రేపో వెళ్లిపోతారు. ఈ బీకర్లకి దిక్కెవరో." చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇవాళ చెప్పేస్తారా ఏంటి?"

"ఏం చెప్తాను?"

"అదే. బుడగల సంగతి."

ఆమె తలెత్తి చూసింది. "నీకు తెలుసా?"

"కెమెరా పట్టుకున్నవాణ్ణి. పైకెత్తమంటే ఎత్తాను. అంతదాకా ఏం ఉందో చూడకుండా ఎత్తుతానా?"

"ఆరేళ్లలో ఒక్కసారీ అనలేదే?"

"మీరు అడగలేదు." కాసేపు గోరుతో బల్ల మీది మైనం చుక్క గీకాడు. "చివర్లో నా పేరు కూడా వేశారు కదా, కెమెరా అని. మా మనవరాలికి ఆపి ఆపి చూపించాను. ఇంట్లో మీ తాత సినిమావాడని పెద్ద పేరు. ఎందుకొచ్చిన గొడవ అని నోరు మూసుకున్నా."

ఒక దొంగతనంలో భాగస్వాములైనవాళ్ల మధ్య ఉండాల్సిన భయం అక్కడ లేదు. ఒకే బరువు రెండు వైపులా పట్టుకుని చాలా దూరం నడిచినవాళ్ల అలసట మాత్రం ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పిల్ల కుళాయి దగ్గర టిఫిను డబ్బా కడుక్కుంటోంది. టీచరు వెళ్లి పక్కన నిలబడింది.

"మళ్లీ చేశావా?"

"ఏది టీచర్?"

"కొవ్వొత్తి."

"చేశాను టీచర్." డబ్బాలో నీళ్లు గిర్రున తిప్పి పారబోసింది. "ముందుసారి మేమే తప్పు చేశాం. మా అమ్మ గ్లాసు మంచిది కాదు, అంచు విరిగింది."

"ఈసారి ఏ గ్లాసు?"

"వేరేది. పక్కింటి ఆంటీది." రెప్ప కూడా వేయలేదు.

"సరిగ్గా వచ్చిందా?"

"సరిగ్గా టీచర్. మీ వీడియోలో లాగే."

పక్కింటి ఆంటీ గ్లాసు. చిన్న వివరం, మసి పట్టిన పళ్లెం అంచులాంటిది. ఎంత తొందరగా నేర్చుకుందో! ఏ పాఠమూ ఇంత నున్నగా దిగలేదు ఈ పిల్లకి. టీచరు ఏదో అనబోయింది. వచ్చిన మాట "బాగుంది" అన్నది. పిల్ల మొహం వెలిగింది. అదే మరీ కష్టంగా తోచింది ఆమెకి.

కేంద్రం మేడం చెప్పిన వేళకి పావుగంట ఆలస్యంగా వచ్చింది. కూర్చోగానే బల్ల కింద చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది. "ఇవాళ ఇది నాలుగో స్కూలమ్మా, నా అరికాళ్లకి కూడా సైన్సు వచ్చేసింది. మీ వీడియో మాకు కొత్తేం కాదులెండి. అది చూసి మా చిన్నాడు ఇంట్లో టేబులు గుడ్డ తగలబెట్టాడు." ఆమె నవ్వులో నిజమైన స్నేహం ఉంది. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఆర్డరు రెడీగానే ఉంది. మీ గొంతు సంగతి హెడ్మాస్టరు గారు చెప్పారు. ఒక్క పదినిమిషాలు చూసేసి సంతకం పెట్టేస్తాను, మీరేం కంగారు పడకండి."

టీచరు ఆ కాగితం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. తన పేరు సరిగ్గానే కొట్టారు.

ల్యాబు కిటికీల తెరలు దించారు. గోడ మీద వీడియో మొదలైంది, మాట లేకుండా. తెర పక్కన మూడో బెంచీ పిల్ల నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గంటలాంటి గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. పళ్లెం, నీళ్లు, కొవ్వొత్తి. ఆరేళ్ల కిందటి తన చేతులు గోడంత పెద్దవై గ్లాసును దించుతున్నాయి. ఆ చేతులకి అప్పుడు ముడతలు లేవు. చిత్రం కింది అంచు సరిగ్గా గ్లాసు అంచు పైన తెగిపోయింది. ఇన్నేళ్లలో వందలసార్లు చూసినా, ఆమె కళ్లు ఎప్పుడూ ఆ తెగినచోటికే పోయేవి. ఇవాళా పోయాయి.

"ఇప్పుడు ఆక్సిజన్ అయిపోతోంది" అంది పిల్ల. "కొవ్వొత్తి ఆరిపోయింది. చూడండి, నీళ్లు ఎక్కుతున్నాయి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు కాబట్టి, నీళ్లు సరిగ్గా ఐదో వంతు దగ్గర ఆగాయి."

మేడం తల ఊపుతూ పెన్ను మూత తీసింది.

"మా ఇంట్లో చేసినా ఇంతే వచ్చింది" అని చేర్చింది పిల్ల.

ఆ చివరి మాట టీచరు నేర్పింది కాదు. నిన్న రాసిచ్చిన కాగితంలో లేదు. ఎవరూ అడగకుండా, టీచరుకి మేలు జరుగుతుందని, దాన్ని తనంతట తానే తెచ్చి అక్కడ పెట్టింది. చెప్పి ఒకసారి ఇటు చూసింది, బాగా చెప్పానా అన్నట్టు.

టీచరు లోపల పెద్ద ధైర్యమేమీ పుట్టలేదు. ధైర్యం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. వచ్చింది మోకాళ్ల నొప్పి, మెడ వెనక చెమట, కిటికీ పక్కన కుర్చీలో నోరు మెదపకుండా గడిచే మధ్యాహ్నాల ఊహ. ఆ ఊహ ఎంత చల్లగా ఉందంటే ఏడుపొచ్చేలా ఉంది. దానితోపాటే ఇంకోటి కూడా తోచింది. ఆ కుర్చీలో కూర్చున్నా, కెమెరా కాస్త పైకి ఎత్తి పట్టుకునే పని మాత్రం ఆగదు. ఇప్పటిదాకా ఇద్దరే పట్టుకున్నారు. ఇవాళ్టినుంచి పదమూడేళ్ల పిల్ల మూడో చెయ్యి వేసింది. ఇంకా చాలా ఏళ్లు పట్టుకోగల చెయ్యి.

మేడం కాగితాన్ని తన వైపు లాక్కుంది.

టీచరు లేచింది. కంప్యూటరు దగ్గరికి వెళ్లి వీడియో ఆపేసింది, గోడ మీద నీళ్లు మొదటి గీత దగ్గర నిలిచిపోయాయి. అలమర తెరిచి కొవ్వొత్తులు తీసింది. ఒకటి, రెండు, ఇంకో రెండు. వెనక నీళ్లు పోస్తున్న చప్పుడయింది. చెప్పకుండానే తాత పళ్లెం నింపి తెచ్చి మూడో బెంచీ మీద, అందరికీ అంచు కనిపించేలా పెట్టాడు. గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

"అరె, ఎదురుగా చేసి కూడా చూపిస్తారా?" అంది మేడం, పెన్ను గాల్లోనే ఆపి, సంతోషంగా.

టీచరు నాలుగు కొవ్వొత్తుల్నీ పళ్లెంలో ఒక్కొక్కటే నిలబెట్టింది. "ఇలా రా" అంది పిల్లని. ఆ గొంతు ఎంత బొంగురుగా వచ్చిందంటే ఆ చుట్టుపక్కల బెంచీల వాళ్లకే వినిపించి ఉంటుంది. పిల్ల వచ్చింది. నాలుగు కొవ్వొత్తుల్నీ చూసింది, టీచరు మొహం చూసింది, మళ్లీ కొవ్వొత్తుల్ని చూసింది. మెడ కిందనించి చెవుల దాకా ఎర్రబడింది.

"టీచర్, నేను నిజంగానే..." అని ఆగిపోయింది.

"నాకు తెలుసు" అంది టీచరు. "తప్పు నాది."

అని, అగ్గిపెట్టె ఆ పిల్ల చేతిలో పెట్టింది.